వదినగారూ, వెళ్ళిరండి... జూన్‌లో మాత్రం కాదు

ప్రశ్న: మాది గుంటూరు వైపు. ఇప్పుడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాం. ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. నాకు 66, మావారికి 71. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఈమధ్య యూట్యూబులో ఆర్వీల (లోపలే మంచం, వంటగది ఉండే బండ్ల) వీడియోలు చూసి చూసి, ఒకటి అద్దెకు తీసుకుని మనిద్దరమే కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న డెత్ వ్యాలీ పార్కు తిరిగొద్దాం అంటున్నారు. అబ్బాయేమో "ఈ వయసులో ఎడారేంటి నాన్నా, కావాలంటే నేనే లీవు పెట్టి కార్లో తిప్పుతా" అంటాడు. నాకు ఆ పేరు వింటేనే గుండె దడ. పైగా ఇంట్లో వంటగది చాలదన్నట్టు చక్రాల మీద ఇంకో వంటగదా? ఆయనకు బీపీ, నాకు మోకాళ్ళ నొప్పులు. ఇక్కడికొచ్చాక లైసెన్సు తీసుకున్నాను, కూరగాయల కొట్టుదాకా నడుపుతాను, అంతే. మనవరాలిని స్కూల్లో దింపే పని మాదే కాబట్టి జూన్‌లో సెలవులివ్వగానే బయల్దేరదామంటున్నారు. మీరుండేది లాస్ వేగస్‌లోనే కదా. వెళ్ళమంటారా, వద్దంటారా?
(ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్)

సమాధానం:

వదినగారూ,

వెళ్ళండి. మొహమాటానికి అనడం లేదు, నిజంగానే వెళ్ళమంటున్నాను. జూన్‌లో మాత్రం ఆ ఛాయలకే పోవద్దు, అన్నయ్యగారు ఎంత బతిమాలినా సరే.

రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మాకిదో లెక్కా అని ఆయన అంటారేమో. అందుకే ముందే చెప్తున్నాను. ఆ లోయ మధ్యలో ఉన్న ఫర్నెస్ క్రీక్ దగ్గర 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన సెల్సియస్‌లో 56.7 నమోదైంది. అధికారికంగా ఇవాళ్టికీ ప్రపంచ రికార్డు అదే. జూన్‌లో మామూలు రోజున కూడా మధ్యాహ్నం 110 ఫారన్‌హీట్ దగ్గర్లో ఉంటుంది. మన దగ్గరైతే ఉక్కపోస్తుంది, చెమట కారుతుంది, మనిషి తనంతట తానే నీడకు చేరతాడు. ఇక్కడి గాలిలో తేమ ఉండదు. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీరు పోతున్న సంగతి తల తిరిగేదాకా తెలియదు. 2024 జూలైలో మోటార్‌సైకిళ్ళ మీద వచ్చిన ఒక బృందంలో ఒకాయన ఆ వేడికి చనిపోయారు. హెలికాప్టర్ పంపిద్దామంటే అంత వేడిలో గాలి పలచబడి అది ఎగరడానికే వీల్లేకపోయింది. కాబట్టి వేసవిలో ఏదైనా అయితే సాయం కూడా వెంటనే రాదు. అద్దె కంపెనీలు కూడా చాలావరకు ఒప్పందంలోనే రాసుకుంటాయి, వేసవిలో ఈ లోయలోకి బండి తీసుకెళ్ళకూడదని. ఆ చిన్నచిన్న అక్షరాలు అన్నయ్యగారి చేత పైకి చదివించండి, సగం పని అక్కడే అయిపోతుంది.

అదే డిసెంబరు, జనవరుల్లో అయితే పగలు 65 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే మన 18. రాత్రి నాలుగైదుకు దిగుతుంది. స్వెటరు, సాక్సులు, మంకీ క్యాప్ ఉంటే సరిపోతుంది. ఫిబ్రవరి చివరికి కాస్త వెచ్చబడుతుంది. అంతకుముందు వానలు సరిగ్గా పడిన ఏడాదైతే అప్పట్నించి ఏప్రిల్ మధ్యదాకా నేలంతా పసుప్పచ్చ పూలు పూస్తాయి. అయితే పూల కబురు బయటికి పొక్కగానే జనం విరగబడతారు. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాలూ అంతే. జనవరి మధ్యలో సోమవారం నుంచి శుక్రవారం దాకా పెట్టుకుంటే మీ ఇద్దరికీ ప్రశాంతంగా ఉంటుంది.

ఇక పేరు చూసి దడ అన్నారు. 1849 చివర్లో కాలిఫోర్నియా బంగారం కోసం బండ్లు కట్టుకుని వస్తున్నవాళ్ళు కొందరు, దగ్గరదారి అనుకుని ఈ లోయలో చిక్కుకుపోయారు. అది చలికాలమే. వాళ్ళను ఏడిపించింది ఎండ కాదు, దారి తెలియకపోవడం, తిండి అయిపోవడం. బండ్లు చెక్కలు చెక్కలుగా పగలగొట్టి పొయ్యి పెట్టుకుని, లాగే ఎడ్లనే కోసుకు తిన్నారు పాపం. వాళ్ళలో ఒకాయన పోయారు. మిగిలినవాళ్ళు కొండ దాటి వెళ్తూ ఆ పేరు పెట్టిపోయారని చెప్తారు. అప్పటికే ఆ లోయలో తరతరాలుగా టింబిషా షోషోనీలనే జనం పిల్లాపాపలతో బతుకుతున్నారు. ఎండాకాలం కొండల మీదికి ఎక్కేవారు, చలికాలం కిందికి దిగేవారు. వాళ్ళ ఊరు ఇప్పటికీ ఫర్నెస్ క్రీక్ పక్కనే ఉంది. 2000లో చట్టం చేసి వాళ్ళ నేలలో కొంత వాళ్ళకు తిరిగిచ్చారు. పేరు పెట్టినవాళ్ళు వారాల్లో వెళ్ళిపోయారు, పేరుతో పనిలేనివాళ్ళు అక్కడే ఉన్నారు. కాలం చూసుకుని మసిలితే చాలునన్నమాట.

మీ అబ్బాయి భయపడుతున్నది ఎండకనుకుంటాను. పార్కువాళ్ళు ఎప్పట్నించో మొత్తుకుంటున్నది వేరే సంగతి: అక్కడ ఎక్కువగా ప్రాణాలు పోయేది ఎదురుగా ఏ బండీ లేకుండానే, తిన్నటి రోడ్డు మీద వేగంగా పోతూ పక్కకు దిగి బోల్తాపడే ప్రమాదాల్లో. రోడ్డు ఖాళీగా ఉంటుంది, చుట్టూ కొండల రంగులు చూస్తూ ఉంటారు, కాలు తెలియకుండానే ఆక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. అందుకని నేను మొదట మాట్లాడేది బండి గురించీ దారి గురించీ.

ఫ్రీమాంట్ నుంచే ఆర్వీ తోలుకురావాలని అన్నయ్యగారు అనుకుంటున్నట్టున్నారు. వద్దనండి. అక్కణ్ణించి పార్కుకు దాదాపు 500 మైళ్ళు. పడమటి వైపు నుంచి లోపలికి రావాలంటే టౌన్ పాస్ అనే కనుమ ఎక్కి దిగాలి. అది 4,956 అడుగులు. అటు ఎక్కడమూ నిటారే, ఇటు దిగడమూ నిటారే. మొదటిసారి పెద్ద బండి పట్టుకున్న 71 ఏళ్ళ ఆయన బ్రేకు తొక్కుతూ దిగాల్సిన దారి కాదది. ఓక్లాండ్ నుంచో శాన్ హోసే నుంచో విమానమెక్కితే గంటన్నరలో లాస్ వేగస్‌లో దిగుతారు. బండి ఇక్కడే తీసుకోండి. పప్పూ ఉప్పూ కొనుక్కోవడానికి ఇక్కడ మన కొట్లూ ఉన్నాయి. ఇక్కణ్ణించి పరంప్ ఊరి మీదుగా డెత్ వ్యాలీ జంక్షన్ చేరి, 190 నంబరు రోడ్డు పట్టుకుంటే ఫర్నెస్ క్రీక్. మొత్తం 120 మైళ్ళు. దారిలో కొండలున్నాయి కానీ మలుపులు మెత్తగా ఉంటాయి.

ఆ 120 మైళ్ళు కూడా ఒక్కరోజులో వద్దు. మొదటి రాత్రి పరంప్‌లోనే ఆగండి. అక్కడ ఆర్వీ పార్కులు చాలా ఉన్నాయి. కరెంటు, నీళ్ళు, మురుగు మూడూ కలిపే సైటు తీసుకోండి, దాన్నే ఫుల్ హుకప్ అంటారు. బండిలో ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఆ రాత్రి తెలుసుకోవాలి. హీటరు వెలిగిందా, వేడినీళ్ళు వస్తున్నాయా, ఫ్రిజ్ కరెంటు మీద నడుస్తోందా ప్రొపేన్ గ్యాసు మీదా అన్నవన్నీ. ఏదైనా పనిచేయకపోతే పక్కనే ఊరుంది, ఫోన్ సిగ్నల్ ఉంది. కరెంటాఫీసు మనిషి కదా, 30 ఆంప్స్ ప్లగ్గు చూడగానే అన్నయ్యగారికి పుట్టింటికి వచ్చినట్టు ఉంటుంది, ఆ సంబరం ఆయన్ని పడనివ్వండి.

బండి ఎంపికలో మాత్రం మీ మాటే చెల్లాలి, ఎందుకంటే మోకాళ్ళు మీవి. వీడియోల్లో ఆయన చూసేవి 35, 40 అడుగుల బస్సులు. కాలిఫోర్నియాలో 40 అడుగుల దాకా మామూలు లైసెన్సే చాలునని కూడా ఆయన ఈపాటికి కనిపెట్టే ఉంటారు. చట్టం ఒప్పుకున్నా అక్కడి దారులు ఒప్పుకోవు. డాంటేస్ వ్యూ కొండ పైకి, ఆర్టిస్ట్స్ డ్రైవ్‌లోకి 25 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. మీకు వేరే కారు ఉండదు కాబట్టి ఏం చూడాలన్నా ఇంటినంతా వెంటేసుకుని పోవాల్సిందే. అంటే బంపరు నుంచి బంపరు దాకా 25 లోపు ఉండాలి. అద్దెవాళ్ళు "ఇరవై ఐదడుగుల మోడల్" అని పిలిచే బండి అసలు కొలత అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, కొలత కాగితం మీద రాయించుకోండి.

అలాగని మరీ చిన్నదీ వద్దు. 19 అడుగుల వాటిలో మంచం డ్రైవరు నెత్తిమీద అటకలో ఉంటుంది. నిచ్చెనెక్కి, పడుకునే పాకుతూ లోపలికి దూరాలి. అర్ధరాత్రి బాత్‌రూముకు దిగాలంటే మీ మోకాళ్ళతో అయ్యే పని కాదు. వెనక భాగంలో నేలమీద మంచం ఉండి, కనీసం ఒక పక్క నుంచి నడిచి దిగే వీలున్న బండి అడగండి. 23, 24 అడుగుల్లో దొరుకుతాయి. మంచం గోడకు ఆనించి ఉన్నదైతే లోపలి పక్క పడుకున్నవాళ్ళు బయటివాళ్ళ మీదుగా దాటాలి. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటున్నట్టయితే ఆయన్ని బయటి పక్క పడుకోబెట్టండి.

ఆ మాత్ర సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్ళు పొడి ఎడారిలో ఎంత నీళ్ళు తాగాలో, ఉప్పు సంగతేమిటో బయల్దేరేముందు డాక్టర్నే అడగాలి, నేను చెప్పకూడదు. మామూలుగా పార్కువాళ్ళు మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలను నీళ్ళు ఉంచుకోమంటారు. ట్యాంకులో ఉన్నవి కాకుండా తాగడానికి విడిగా క్యాన్లు పెట్టుకోండి. దగ్గర్లో ఆసుపత్రి అంటే పరంప్‌లోనే, గంటకు పైన దారి. మందులు రెండు వారాలకు సరిపడా తీసుకెళ్ళండి, రెండు సంచుల్లో విడివిడిగా.

మీరు బండి నడపడం నేర్చుకోవాలి వదినగారూ. తప్పదు. ప్రయాణమంతా మీరే నడపనక్కర్లేదు. కానీ ఆయనకు తల తిరిగిందంటే అక్కడ స్టీరింగు పట్టుకునే రెండో మనిషి మీరే. లైసెన్సు ఉంది కదా. అద్దె కాగితంలో రెండో డ్రైవరుగా మీ పేరు రాయించండి. పరంప్‌లో పొద్దున్నే ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో ఒక గంట తిప్పండి. వెనుక చక్రాలు మలుపును లోపలికి కోసుకుంటూ వస్తాయి, కాబట్టి కారు కన్నా కాస్త ముందుకు పోయి తిప్పాలి. రివర్సు చేసేటప్పుడు ఒకరు దిగి వెనక నిలబడాల్సిందే. దిగుడు దారుల్లో గేరు తగ్గించి ఇంజనుతోనే వేగాన్ని ఆపాలి, బ్రేకు పట్టుకుని కూర్చుంటే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. ఈ రెండు మూడూ తెలిస్తే ఫర్నెస్ క్రీక్ నుంచి పరంప్ దాకా మీరు తేగలరు. ఈ సంగతి విన్నాక మీ అబ్బాయి గొంతు కూడా కాస్త మెత్తబడుతుందని నా నమ్మకం.

ఇప్పుడు వంటగది. మీ ఉత్తరంలో అసలు బాధ ఇదే అనిపించింది, ఒక్క వాక్యంలో దాటేశారు కానీ.

ఆర్వీలో వంట ఇంట్లో వంటలా కుదరదు, కుదరకపోవడం మీకే మంచిది. పొయ్యి ప్రొపేన్ మీద నడుస్తుంది కాబట్టి చిన్న ప్రెషర్ కుక్కరు పెట్టుకోవచ్చు. మిక్సీ, కరెంటు కుక్కరు మాత్రం హుకప్ ఉన్నచోటో జనరేటరు వేసినప్పుడో తప్ప నడవవు. కంది పొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి, చింతపండు పులిహోర గుజ్జు ఇంట్లోనే చేసి తెచ్చుకుంటే రోజుకు ఒక్క కుక్కరు అన్నంతో గడుస్తుంది. లోపల పోపు పెట్టకండి. మంచం, పొయ్యి, పొగ అలారం అన్నీ ఆరడుగుల్లోనే ఉంటాయి. ఎండుమిరపకాయ చిటపటమనగానే అలారం గోల పెడుతుంది, ఆ ఘాటు రాత్రంతా దుప్పట్లో ఉంటుంది. ప్రతి సైటు దగ్గరా బయట బల్ల ఉంటుంది. చిన్న క్యాంపు పొయ్యి కొనుక్కుని పోపు అక్కడ పెట్టండి. అన్నయ్యగారే పెట్టాలని నా షరతు.

గిన్నెల సంగతి ఇంకా ముఖ్యం. సింకులో పోసిన ప్రతి చెంబూ కింద ఒక ట్యాంకులో చేరుతుంది. దాన్ని గ్రే ట్యాంకు అంటారు, అది చూస్తూండగానే నిండుతుంది. అన్నం మెతుకులు, నూనె కాగితంతో తుడిచేసి, ఆ తర్వాత కొద్ది నీళ్ళతో కడగాలి. పులుసు, రసం రకాలు ఆ నాలుగు రోజులూ మానేయండి. టాయిలెట్‌ది వేరే ట్యాంకు, నల్ల ట్యాంకు. మనవాళ్ళకి నీళ్ళ అలవాటు కాబట్టి అది ఇంకా తొందరగా నిండుతుంది. ఫర్నెస్ క్రీక్ క్యాంపులో శుభ్రమైన ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి, పగలంతా అవి వాడుకుని బండిలోది రాత్రికి ఉంచుకోండి. వచ్చేముందు ఆ రెండు ట్యాంకులూ సైటులోని మురుగు గొట్టంలోకో, ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లోనో వదలాలి. గ్లవ్స్ వేసుకుని, గొట్టం గట్టిగా బిగించి, ముందు నల్లది వదలాలి, తర్వాత గ్రే. అప్పుడు సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. ఇది ఆయన పని. ఆర్వీ కావాలన్న మనిషిదే ఆ గొట్టం, ఇందులో బేరాల్లేవు. బయల్దేరేముందే ఒప్పించండి. ఒప్పుకోకపోతే ఫర్నెస్ క్రీక్‌లో హోటలు గదులున్నాయి, ఖరీదే అయినా మీ సెలవు సెలవులా ఉంటుంది.

మకాం ఒక్కచోటే పెట్టండి. ఈ పార్కు 34 లక్షల ఎకరాలు, అలాస్కా, హవాయి వదిలేస్తే అమెరికాలో ఇంతకన్నా పెద్ద నేషనల్ పార్కు లేదు. అన్నీ చూద్దామని పెట్టుకుంటే ఆయన స్టీరింగు ముందు, మీరు కిటికీ పక్కన, అంతే. సముద్రమట్టానికి 196 అడుగుల కిందనున్న ఫర్నెస్ క్రీక్ క్యాంపులో నాలుగు రాత్రులు చాలు. మీరు చూడగలిగినవి చాలావరకు అక్కణ్ణించి పాతిక మైళ్ళలోపే. ఫుల్ హుకప్ సైట్లు అక్కడ 18 మాత్రమే, మీకు అవే కావాలి. చుట్టుపక్కల క్యాంపుల్లో కొన్నిటిలో జనరేటరు అసలు వేయనివ్వరు, వేయనిచ్చేచోట కూడా పగలు కొన్ని గంటలే. పొద్దున్న బండి కదిపినప్పుడు సైటు ఖాళీ అనుకుని ఇంకొకరు దిగకుండా రెండు కుర్చీలు, బల్ల మీద ఒక గుడ్డ వదిలి వెళ్ళండి. కదిలేముందు మెట్టు మడిచారా, ప్లగ్గు పీకారా, పైకప్పు కిటికీ మూశారా, అరల గొళ్ళాలు వేశారా అన్నది మీరే చూడాలి. గొళ్ళెం వేయని అరలోంచి మొదటి మలుపులోనే పచ్చడి సీసా దూకుతుంది.

చూడాల్సినవాటిలో బ్యాడ్‌వాటర్ మొదటిది. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పల్లపు నేల లేదు, సముద్రమట్టానికి 282 అడుగుల కింద. బండి దిగి వెనక్కి తిరిగి కొండ గోడ మీదికి చూడండి, బాగా పైన ఒక తెల్లటి బోర్డు కనిపిస్తుంది. సముద్రమట్టం అక్కడ. మెడ నొప్పిపుట్టేదాకా తలెత్తితే గానీ కనపడదు. ముందు చిన్న నీటి గుంట ఉంటుంది, ఒక సర్వేయరు తన కంచరగాడిద ఆ నీళ్ళు తాగకపోయేసరికి ఆ చోటికి ఆ పేరు పెట్టాడని కథ. చెక్క వంతెన దాటాక ఉప్పు మొదలవుతుంది. చినగంజాం ఉప్పుమడులు చూసిన కళ్ళకు కూడా అది కొత్తగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ కూలీ లేడు, మడి లేదు, అంతా దానంతట అదే ఏర్పడింది. కొండల మీద పడిన వాన కింద చేరి, బయటికి పోయే దారి లేక, ఎండకు ఆవిరై ఉప్పును వదిలేసి పోతుంది. ఆరిన ఉప్పు పగిలి, పగుళ్ళ అంచులు పైకి లేచి, నేలంతా ఐదు మూలల, ఆరు మూలల పలకలు పరిచినట్టవుతుంది. ఒంగి చూస్తే ఆ అంచుల మీద ఉప్పు సన్నటి పీచులా నిలబడి ఉంటుంది. బాగా నడిచినచోట నేల గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళకు ఇబ్బంది లేదు. పావు మైలు నడిస్తే చాలు, జనం వెనకబడిపోతారు. చేతికర్ర తీసుకెళ్ళండి. ఎదురుగా టెలిస్కోప్ పీక్, 11,049 అడుగులు, జనవరిలో నెత్తిన మంచుతో ఉంటుంది.

మర్నాడు డాంటేస్ వ్యూ. అది 5,475 అడుగుల ఎత్తు, నిన్న నడిచిన ఉప్పంతా నిట్టనిలువుగా కాళ్ళ కింద కనిపిస్తుంది. ఆఖరి ఎక్కుడు బాగా నిటారు, ఏసీ కట్టేసి మెల్లిగా ఎక్కండి. కింద కన్నా అక్కడ చలి చాలా ఎక్కువ, గాలీ ఎక్కువే. జబ్రిస్కీ పాయింట్‌కు మాత్రం తెల్లవారుజామునే వెళ్ళాలి, పసుపురంగు మట్టి కొండల మడతల మీద ఎండ పాకడం చూడాలి. కాస్త ఎక్కుడు ఉంది కానీ దారి చదును చేసినదే. ఆర్టిస్ట్స్ డ్రైవ్ 9 మైళ్ళ వన్‌వే, మధ్యాహ్నం తర్వాత పోతే రంగులు బాగుంటాయి, బండిలోంచే చూడొచ్చు. హార్మనీ బోరాక్స్ అనే పాత వెలిగారం కార్ఖానా దగ్గర పాత బండ్లు ఉన్నాయి. 1880లలో ఇక్కడ తవ్విన బోరాక్సును ఇరవై జంతువులను కట్టిన బండ్లలో 165 మైళ్ళ దూరాన ఉన్న మొహావీ రైలు స్టేషనుకు లాగించేవారు. ఆ చక్రాలు అన్నయ్యగారి కన్నా ఎత్తుంటాయి, పక్కన నిలబెట్టి ఫొటో తీయండి. ఇసుక తిన్నెలు స్టవ్‌పైప్ వెల్స్ దగ్గర, ఓపిక ఉంటేనే. కదిలే రాళ్ళుంటాయని రేస్‌ట్రాక్ గురించి ఆయన తప్పకుండా ఎత్తుతారు. అది 27 మైళ్ళ రాళ్ళదారి, టైర్లు చీలిపోతాయి, అద్దె బండికి అసలే కుదరదు. అక్కడ మాత్రం గట్టిగా నిలబడండి.

ఫోన్లు చాలాచోట్ల పనిచేయవు, మ్యాపులు ముందే దింపుకోండి. ఫోను చెప్పింది కదా అని మట్టిరోడ్డెక్కవద్దు. ఐఫోన్ 14 నుంచి తర్వాతవాటిలో సిగ్నల్ లేనప్పుడు ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే ఏర్పాటుంది. అది ఎలా వాడాలో ఇంట్లోనే మీ అబ్బాయి చేత నేర్పించుకోండి. వానకు రోడ్లు కొట్టుకుపోవడం ఇక్కడ మామూలే. 2023 ఆగస్టులో ఒక్కరోజు వానకు పార్కు అక్టోబరు మధ్యదాకా మూతపడింది. బయల్దేరే ముందురోజు పార్కు వెబ్‌సైటులో ఏ రోడ్లు తెరిచి ఉన్నాయో చూడండి. పెట్రోలు పరంప్‌లో నిండుగా పోయించండి, లోపల మంట రేటు.

డబ్బు విషయానికొస్తే, 62 దాటిన గ్రీన్‌కార్డువాళ్ళకు నేషనల్ పార్కుల ప్రవేశానికి సీనియర్ పాస్ వస్తుంది. 80 డాలర్లు కడితే జీవితాంతం. ఒకరు తీసుకుంటే బండిలో ఇద్దరికీ సరిపోతుంది, క్యాంపు అద్దెలో కూడా చాలాచోట్ల సగం తగ్గుతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది లేదు, చాలామంది అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను. పార్కు రుసుములకు నోట్లు తీసుకోరు, కార్డు ఉండాలి. ఆర్వీ అద్దెలో మాత్రం మొదట చూపించే అంకె నమ్మకండి. మైళ్ళకు వేరు, ఇన్సూరెన్సుకు వేరు, గిన్నెలు దుప్పట్లకు వేరు, అన్నీ కలిపి చెప్పమనండి.

తేదీల దగ్గర మీరొక పంచాంగం తీయాలి. రాత్రి ఆకాశం చూడడానికి ఇంత చీకటి చోటు మనకు దగ్గర్లో లేదు, పాలపుంత మామూలు కంటికే కనిపిస్తుంది. దానికి అమావాస్య కావాలి. అమావాస్య నాడు ప్రయాణమేంటి అని మీరే అంటారు. అందుకని అంతకు నాలుగు రోజుల ముందు, బహుళ ఏకాదశికి ఇంట్లోంచి బయల్దేరండి. అమావాస్య వచ్చేసరికి మీరు అక్కడే కుర్చీలు వేసుకుని ఉంటారు, ప్రయాణం పెట్టుకున్నట్టూ కాదు.

మనవరాలి స్కూలు మాటకు మీ అబ్బాయే దారి చూపించాడు. మిమ్మల్ని తిప్పడానికి పెడతానన్న లీవు స్కూల్లో దింపడానికి పెట్టమనండి. ఇంకో పని కూడా అతనికే అప్పగించండి: ఫర్నెస్ క్రీక్ సైట్లు ఆరు నెలల ముందు రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో బుకింగుకు తెరుస్తారు. జనవరి తేదీలకు జూలైలోనే, తెరిచిన పూటే కూర్చోవాలి. హుకప్ సైటు చేతికొచ్చాకే విమానం టిక్కెట్లూ బండీ చూసుకోండి.